సమీవుల్లా ఇల్లు

కువైటులోని సల్వాలో ప్రతి ఇంటికీ నంబరుంది. బ్లాకు, వీధి, ఇల్లు అని నీలం రేకు మీద రాసి గోడకు కొట్టి ఉంటుంది. ఆ రేకు పోలీసులకు, పార్సిళ్ళు తెచ్చేవాళ్ళకు పనికొస్తుందేమో గానీ, ఇళ్ళల్లో పనిచేసే మనవాళ్ళు దాని వంక తలెత్తి చూడరు. మనవాళ్ళ లెక్కలో ఇంటికి పేరు ఆ ఇంట్లో పనిచేసే మనిషిది. కట్టించినవాడు పాలరాతి స్తంభాలు నిలబెట్టుకోనీ, గుమ్మం ముందు ఖర్జూరపు చెట్లు వరసగా నాటుకోనీ, అక్కడ వంట చేసేది పుల్లయ్య అయితే అది పుల్లయ్య ఇల్లే. యజమాని పేరు చెబితే "ఎవరాయన?" అంటారు. ఒకే ఇంటిపేరుతో వీధికి నాలుగు కుటుంబాలుంటే పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు!

అక్కడ ఒక సందులోని ఇళ్ళకు చాలావరకు పేర్లు పెట్టింది సమీవుల్లా. లూల్వా మామా ఇంట్లో డ్రైవరు. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్ళందరూ మామా అనే పిలుస్తారు. సమీవుల్లా వచ్చినప్పుడు తలంతా నలుపే, ఇప్పుడు కనుబొమలు కూడా నెరిశాయి. మామా కొడుకు ఫహద్‌ను బడికి దింపిన మనిషే ఫహద్ పిల్లల్నీ బడికి దింపాడు. సల్వా సందులు ఆయనకు కొట్టిన పిండి. కొత్త డ్రైవర్లు దారి తప్పితే ఆయనకే ఫోన్ చేసేవారు. "ఏడున్నవ్ రా? మణి ఇల్లు దాటినవా? దాటితే ఎనక్కి రా. సుల్తాన్‌బీ ఇంటికాడ ఎడమకు తిరుగు" అని అన్నం తింటూనే చెప్పేసేవాడు.

ఆ సుల్తాన్‌బీ రాయచోటి వెళ్ళిపోయి చాలా కాలమైంది. కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసి అమ్మమ్మ కూడా అయింది. మణి వెళ్ళిపోయాడు, పుల్లయ్య వెళ్ళిపోయాడు, ఆఖరికి సాయంత్రాలు గోడ పక్కన కూర్చుని కబుర్లు చెప్పే మహమ్మద్ గౌస్ కూడా మోకాళ్ళ నొప్పులతో కడప చేరుకున్నాడు. వాళ్ళ చోటికి ఎవరెవరో వచ్చారు. వచ్చినవాళ్ళకు ఈ పేర్లు తెలియవు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. ఫోన్లలో మ్యాపులొచ్చాక దారి అడిగేవాళ్ళే కరువయ్యారు. పేర్లన్నీ ఒక్క సమీవుల్లా బుర్రలో మిగిలిపోయాయి.

ఇంతమందికి దారి చెప్పిన మనిషిని మనవాడని పోల్చుకున్నవాళ్ళు మాత్రం తక్కువ. సమీవుల్లా సిద్దీ. ఎప్పుడో తాతముత్తాతలు ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంలో చేరారు. ఈయన పుట్టింది హైదరాబాదులో, ఏసీ గార్డ్స్‌లో. తల్లిది వనపర్తి వైపు, ఇంట్లో ఉర్దూతో పాటు తెలుగూ మాట్లాడేది. చక్కని నల్లటి మనిషి, రింగుల జుట్టు, వెడల్పాటి ముక్కు. హైదరాబాదు బస్సెక్కితే "ఏ దేశం సార్?" అని అడిగేవారు. కువైటులో ఆ పాటి ప్రశ్న కూడా లేదు, సూడానీ అని వాళ్ళే ఖాయం చేసుకున్నారు. జమియా సూపర్‌మార్కెట్‌లో టమాటాలు ఏరుకుంటూ మన ఆడవాళ్ళు ఆయన పక్కనే నిలబడి ఆయన రంగు గురించి తెలుగులో పరాచికాలాడుకునేవారు. మొదట్లో ఠక్కున తిరిగి తెలుగులోనే జవాబిచ్చి వాళ్ళ మొహాలు చూసి నవ్వుకునేవాడు. తర్వాత్తర్వాత ఆ సరదా పోయింది. టమాటాలు తూయించుకుని వచ్చేసేవాడు. నవ్వొచ్చిన మాట నిజమే గానీ, ఇంటికొచ్చాక బాధేసిన మాటా నిజమే.

ఎదురింట్లో పనికి కోనసీమ నుంచి అరుణజ్యోతి వచ్చింది. వచ్చిన కొత్తలో గేటు బయట నిలబడి ఫోన్లో వాళ్ళమ్మతో చెప్పుకుంటోంది. "ఎదురింటి గేటు కాడ ఓ సూడానీ ఆయన కుర్చీ ఏసుకుని కూకుంటాడే అమ్మా. సూత్తే బయ్యమేత్తంది."

"బయపడకు బిడ్డా. నేను కర్వ" అన్నాడు సమీవుల్లా.

అరుణజ్యోతి చేతిలోని ఫోను జారి చెత్త డబ్బాలో పడింది. దాన్ని బయటికి తీయడానికి ఆయనే చీపురు కర్ర పట్టుకొచ్చాడు. ఆ పూట నుంచి ఆయన ఆమెకు బాబాయ్‌గారు. ఎవరింట్లో మామా వాళ్ళు పడుకున్నాక ఇద్దరూ చెరో గేటు దగ్గరా నిలబడి సందుకు అడ్డంగా మాట్లాడుకునేవారు. ఆమె చెప్పే కొబ్బరితోటల కబుర్లు ఆయనకు, ఆయన చెప్పే హైదరాబాదు కబుర్లు ఆమెకు సగం సగమే అర్థమయ్యేవి. అయినా ఇద్దరూ ఊఁ కొట్టేవారు.

మతి జారిపోతోందని సమీవుల్లాకు తెలిసింది ఒక రొట్టె వల్ల. రోజూ పొద్దున్నే నడిచి వెళ్ళి ఇరానీ బట్టీలో వేడి రొట్టె తేవడం ఆయన అలవాటు. సుల్తాన్‌బీ ఇల్లు, పుల్లయ్య ఇల్లు, మణి ఇల్లు, గౌస్ ఇల్లు, అక్కడ కుడికి తిరిగితే బట్టీ. ఆ రోజు గౌస్ ఇల్లు కనపడలేదు. దాన్ని పడగొట్టి చుట్టూ రేకులు పాతారు, అపార్టుమెంట్లు కడతారట. మామూలు మనిషైతే "అరె, ఇల్లు పడగొట్టారే" అనుకుని మలుపు తిరుగుతాడు. సమీవుల్లా గౌస్ ఇల్లు ఇంకా రాలేదనుకుని నడుస్తూనే పోయాడు. ఎండెక్కింది. సముద్రం రోడ్డు దగ్గర, తానెందుకు బయల్దేరాడో తెలియక ఒక గోడ నీడన నిలబడిపోయాడు. ఎదురింటి మామా చిన్న సరుకు కోసం పంపితే అటుగా వచ్చిన అరుణజ్యోతి చూసింది కాబట్టి సరిపోయింది.

"ఏంటండీ బాబాయ్‌గారూ, ఇక్కడున్నారు?"

"గౌస్ ఇల్లు దొర్కుతలేదు బిడ్డా" అన్నాడు.  ఆమె రొట్టె కొనిపించి, ఇంటిదాకా పక్కనే నడిచింది.

గేటు దగ్గర ఆయన ఆమె ముందు చేతులు జోడించినంత పని చేశాడు. "ఎవ్వలికి చెప్పకు. ఫహద్‌కు తెలిస్తే టికెట్ తీసి చేతుల పెడతడు."

"ఊరెళ్తే మంచిదే కదండీ. ఇశ్రాంతిగా ఉండొచ్చు."

ఎవరైనా అదే అంటారు. కానీ ఏ ఊరు వెళ్ళాలి? భార్య బషీరా బీ పోయింది, పిల్లల్లేరు. అద్దెకున్న గదుల చోట ఇప్పుడేదో ఆసుపత్రి కట్టారట. ఏసీ గార్డ్స్‌లో గుమ్మం దాటితే ఎడమకు పోవాలో కుడికి పోవాలో ఆయనకు తెలియదు. ఇక్కడైతే మతి తప్పినా కాళ్ళు తప్పవు. ఏ గోడకు పగులుందో, ఏ గేటు కిర్రుమంటుందో, ఏ మలుపులో కాఫీ పొడి వేగిన వాసనొస్తుందో కాళ్ళకు తెలుసు. ఈ సందు ఉన్నంతకాలం తాను సమీవుల్లా. ఇక్కడినుంచి పెరికి ఇంకో చోట పెడితే తనలో తానంటూ ఎవరూ మిగలరని ఆయన భయం. ఈ భయాన్ని ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, "ఈడనే ఉంట బిడ్డా" అని మాత్రం అన్నాడు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. సమీవుల్లా ఆ పనే మొదలుపెట్టాడు. పొద్దున్నే కారు కడుగుతూ సందులోని ఇళ్ళ పేర్లన్నీ పైకి చదివేవాడు. అరుణజ్యోతి ఎదురింటి గేటు తుడుస్తూ పరీక్ష పెట్టేది. "మణి ఇంటి తర్వాతేదండీ?" అంటే ఆయన గుడ్డ పిండుతూ ఆలోచించి, "గౌస్ ఇల్లు. పడగొట్టిన్రు. రేకులున్నయ్" అనేవాడు. రేకులున్నయ్ అన్న మాటను ఆ పేరుకు అతికించి నేర్చుకున్నాడు. బట్టీ దారి మళ్ళీ తప్పలేదు. ఒక్కో రోజు ఒక్కటి కూడా తప్పకుండా చెప్పేసి, బడిలో పలక చూపించిన పిల్లాడిలా గర్వంగా ఆమె వంక చూసేవాడు.

ఒకనాడు మంచి హుషారులో ఉండి అడిగాడు. "అందరి ఇండ్లకు నేను పేర్లు పెడితి గదా. మరి మా ఇంటిని ఏమంటరు బిడ్డా?"

అరుణజ్యోతి చీపురు ఆగిపోయింది. "ఏమోనండీ, నాకు తెలవదు" అంది. అబద్ధమాడటం రాని పిల్ల.

"చెప్పరాదు."

"సూడానీ ఇల్లంటారండీ" అంది తల వంచుకుని.

సమీవుల్లా నవ్వాడు. ఎన్నేళ్ళుగా ఇక్కడ ఉంటేనేం, ఎందరికి దారి చెబితేనేం! ఊరందరి ఇళ్ళకూ పేర్లు పెట్టిన మనిషికి, ఊరు పెట్టిన పేరది. నవ్వడం అయిపోయాక కారును కడిగిన చోటే మళ్ళీ కడిగాడు. ఆమెకు ఏడుపొచ్చింది. "ఇకమీదట నేను అననివ్వనండీ. సమీవుల్లా బాబాయ్‌గారి ఇల్లని అందరికీ చెప్తాను. ఆయ్, ఒట్టండీ" అంది.

"నీకేం పనిలేదా?" అని కసిరాడు గానీ, ఆ మాట ఆయనకు తియ్యగానే ఉంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం లూల్వా మామా మంచి అబాయా వేసుకుని, అత్తరు పూసుకుని కారెక్కింది. "యల్లా సమీ, హెస్సా ఇంటికి పోదాం. చూసి చాలా రోజులైంది" అంది. హెస్సా మామాకు స్వయానా చెల్లెలు. ఇల్లు మిష్రిఫ్‌లో. మామా ఏనాడూ దారి చూసి ఎరగదు. వెనక సీట్లో కూర్చుని తస్బీ పూసలు తిప్పుకోవడమే ఆమె పని.

హెస్సా ఇల్లు సమీవుల్లా లెక్కలో నఫీసా ఇల్లు. నఫీసా అక్కడ వంటమనిషి, కడపామె. వెళ్ళినప్పుడల్లా గేటు దగ్గరికే టీ తెచ్చిచ్చేది. నఫీసా ఇల్లు అనుకోగానే దారంతా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. హైవే దాటాడు. గుండ్రటి కూడలిలో సరైన చోట తిరిగాడు. మసీదు దగ్గర ఎడమ, బడి గోడ దాటాక కుడి. ఒక్క మలుపు తప్పితే ఒట్టు! తన బుర్ర ఇంకా పనిచేస్తోందని, ఫహద్‌కు భయపడాల్సిన పని లేదని ఆయనకు ఎంత సంతోషమేసిందో చెప్పలేం. చాలా రోజుల తర్వాత స్టీరింగు మీద వేళ్ళతో తాళం కూడా వేశాడు. ఇంటి ముందు కారు ఆపి, దిగి, మామాకు తలుపు తీసి, గంట నొక్కాడు.

తలుపు తీసింది నఫీసా కాదు. ఎవరో చిన్న వయసు ఆడమనిషి, చంకలో పసిపిల్ల. హెస్సా ఉందా అని అడిగింది మామా. "హెస్సానా? ఆవిడ పోయారు కదా. ఇల్లు మేం కొనుక్కున్నాం" అంది జాలిగా. "అల్లా ఆమెను కరుణించుగాక" అని కూడా అంది.

అప్పుడు గుర్తొచ్చింది సమీవుల్లాకు, ఒక్కసారిగా, అంతా. హెస్సా పోయింది. పరామర్శకు మామాను మూడు రోజులూ ఇక్కడికి తెచ్చింది తనే. వచ్చినవాళ్ళకు నీళ్ళ సీసాలు అందించింది తనే. నఫీసా ఇదే గడప మీద కూర్చుని ఏడుస్తుంటే ఓదార్చింది తనే. ఇంటికి నఫీసా పేరు పెట్టుకున్నాడు కాబట్టి ఆ పేరులో చావు లేదు. చనిపోయింది హెస్సా, ఆమె పేరేమో ఆయన బుర్రలోని ఏ ఇంటి మీదా రాసి లేదు. దారి అంతా గుర్తుండి, ఆ దారి చివర ఎవరూ లేరన్నది మరిచిపోయాడు.

వెనక నిలబడ్డ మామా ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెల్లెలు అప్పుడే, ఆ గడప మీదే చనిపోయినట్టు ఏడ్చింది.

సాయంత్రానికి ఫహద్ వచ్చాడు. విషయం ఆ కొత్తింటివాళ్ళే ఎవరి ద్వారానో చేరవేశారు. మామా సోఫాలో ముడుచుకుని కూర్చుంది, కొడుకు మొహం చూడలేక కార్పెట్ మీది పూలను చూస్తోంది. సమీవుల్లా గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫహద్ చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఈయన భుజమెక్కి తిరిగినవాడే. తల్లి గురించి కంగారులో ఉన్నాడు, అంతే.

"మామా మరిచిపోతోందని నాకు తెలుసు. నువ్వెందుకు తీసుకెళ్ళావు సమీ?" అన్నాడు అరబ్బీలో. మళ్ళీ తనే దారి చూపించాడు. "మామా చెప్పింది, కాదనలేకపోయావు. అంతే కదా?"

అవునంటే చాలు. తల ఊపినా చాలు. ఉద్యోగం ఉంటుంది, గది ఉంటుంది, సందు ఉంటుంది. ఆయనకు కావలసింది అదొక్కటే, దాని కోసమే ఇన్ని రోజులు పొద్దున్నే పాఠం చదివాడు. తల ఊపబోయాడు కూడా. అప్పుడు మామా తలెత్తి ఆయన వంక చూసింది. సిగ్గుతో చితికిపోయిన మొహం. ఈ ఇంట్లో మతి పోయింది తనొక్కదానికే అనుకుంటున్న మొహం. ఆ ఒంటరితనం ఎలా ఉంటుందో సమీవుల్లాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? సముద్రం రోడ్డు దగ్గర గోడ నీడన నిలబడ్డవాడు కదా.

"కాదు. నేను కూడా మరిచిపోయాను" అన్నాడు. "ఈ మధ్య చాలా మరిచిపోతున్నాను ఫహద్. నీకు తెలియకుండా దాచాను."

 ఫహద్ చెయ్యి చాపాడు. సమీవుల్లా కారు తాళం ఆ చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళూ జేబులో బరువుగా ఉన్నది పోయేసరికి ఆ పక్క ఖాళీ అయినట్టనిపించింది.

"ఖలాస్ సమీ. ఇంటికెళ్ళి హాయిగా ఉండు. టికెట్ నేను చూస్తాను."

"ఎక్కడికి వెళ్తాడు?" అంది మామా. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "అతను ఇక్కడే ఉంటాడు. నువ్వు వారానికోసారి వస్తావు, గడియారం చూసుకుంటావు. హెస్సా నవ్వు ఎలా ఉండేదో నేనడిగితే నీకు తెలుసా? సమీకి తెలుసు. నేను పోయాక పంపించుకో." అంత మాట ఆమె కొడుకుతో ఎప్పుడూ అని ఎరగదు.

అలా సమీవుల్లా సల్వాలోనే ఉండిపోయాడు. కారు మరొకరికి, కుర్చీ ఆయనకు. సాయంత్రం పూట మామా లోపలి గుమ్మంలో, ఆయన గేటు దగ్గర కూర్చుని టీ తాగేవారు. మామా ఒక్కోసారి హెస్సా బాగుందా అని అడిగేది. ఒక్కోసారి ఆయనకు నిజం గుర్తుండేది, ఒక్కోసారి ఉండేది కాదు. ఎలా ఉన్నా "బాగుంది మామా" అనే చెప్పేవాడు. చలికాలం వచ్చేసరికి పొద్దుటి పాఠంలో పేర్లు తగ్గుతూ వచ్చాయి. రొట్టెకు అరుణజ్యోతి తోడు వెళ్ళేది. కొన్ని రోజులు ఆయన ఆమెను బషీరా అని పిలిచేవాడు. ఆమె పలికేది.

కారు తీసుకున్నవాడు మానేస్తే, కొత్త డ్రైవరుగా ఆమె వాళ్ళ ఊరి భీమరాజునే చెప్పి పెట్టించింది. సబా అల్ సలేం అనే పేటలో ఉంటున్న అతను, పనిలో చేరాల్సిన రోజు బస్సు దిగి ఆమెకు ఫోన్ చేశాడు. ఆమె మేడ మీద చపాతీల పిండి కలుపుతోంది.

"నంబరు నాకూ తెలవదు భీమరాజన్నయ్యా. సందులోకొచ్చి సమీవుల్లా ఇల్లు ఏదని అడుగు. ఎవరైనా చెప్తారు" అంది. ఆ మాట నిజమే. ఇచ్చిన మాట ప్రకారం ఆ పేరును ఆమె జమియా దాకా చాటింది. ఇప్పుడు సందులో సూడానీ ఇల్లు అనేవాళ్ళు లేరు.

భీమరాజు సంచి భుజాన వేసుకుని సందులోకొచ్చాడు. గేటు దగ్గర కుర్చీలో ముసలాయన కనిపించాడు. సూడానీ అనుకుని వచ్చీరాని అరబ్బీలో మొదలుపెట్టాడు. "సలాం బాబా. బైత్ సమీవుల్లా వేన్?"

"తెలుగోనివా? తెలుగుల మాట్లాడు" అన్నాడు ముసలాయన.

భీమరాజు తెల్లబోయి, తేరుకున్నాడు. "సమీవుల్లా గారి ఇల్లెక్కడండీ? అక్కడ పనికొచ్చానండి."

సమీవుల్లా మొహం విప్పారింది. తనను దారి అడిగి ఎన్నాళ్ళయిందో! మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడ్డాడు. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని సందు ఆ చివరా ఈ చివరా చూశాడు. సుల్తాన్‌బీ ఇల్లు. పుల్లయ్య ఇల్లు. మణి ఇల్లు. గౌస్ ఇల్లు, పడగొట్టారు, రేకులున్నాయి. మళ్ళీ మొదటి నుంచి వచ్చాడు. సమీవుల్లా ఇల్లు వాటిలో లేదు.

"సమీవుల్లా..." అన్నాడు ఆలోచిస్తూ. "పేరు ఇన్నట్టే ఉన్నది. పాతోడే అయి ఉంటడు. అందరి లెక్కనే ఆయన గూడ ఊరికి ఎళ్ళిపోయిండేమో."

పిండి చేతులతోనే మేడ దిగి పరుగెత్తుకొచ్చిన అరుణజ్యోతి ఎదురు గేటు దగ్గర ఆగిపోయింది. 

భీమరాజు అడుగు వెనక్కి వేయబోతే సమీవుల్లా అతని చెయ్యి పట్టుకున్నాడు. తన కుర్చీ అతనికి చూపించి, "పరేషాన్ గాకు బిడ్డా. నువ్వు కూసో, నేను ఎతుకుత" అన్నాడు. "ఈ సందుల నాకు తెల్వని ఇల్లు లేదు."